కమ్మచ్చులో దిగిన సూది

“పెద్దిరాజు కాలు విరగ్గొట్టింది మీరే! రోడ్డు కాదు, స్పీడు కాదు, వాడి పొగరు అంతకన్నా కాదు. ఈ గదిలో కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్న మీరే!”

అరుంధతి చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలో నిలబడే అనేసింది. శేషగిరి గారి డ్రాయింగు రూములో కప్పులు పెదాల దగ్గరే ఆగిపోయాయి.

పోయిన వారం కథ ఈ గుమ్మం దాకా వచ్చి ఆగింది. మధ్యలో ఎక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. జనక్‌పురిలో కాపురాలున్న తెలుగువాళ్ళు కొందరు కలిసి ఒక మోటార్‌సైకిల్ సంఘం పెట్టుకున్నారు. ఘాజియాబాద్ అవతల మట్టి మైదానంలో జరిగే పందేనికి రెండు పాత టూ-స్ట్రోక్ బళ్ళు తయారుచేశారు. చేసింది సంఘమని బోర్డు మీద రాసుకున్నారు గానీ, చేసింది అరుంధతి. పగలు సర్కారు ఆఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చునే బీఎస్సీ పిల్ల. సాయంత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో నూనె చేతుల మనిషి. సిలిండర్‌లో గాలి పోయే దారులు ఆకురాయితో వెడల్పు చేసింది. వెల్డరు నెత్తిన కూర్చుని కొత్త సైలెన్సర్లు చేయించింది. కరోల్ బాగ్ పాత సామాన్ల గల్లీలో రెండు విదేశీ కార్బురేటర్లు ఏరి తెచ్చి బిగించింది. ఒక బండి నడిపేవాడు పెద్దిరాజు. మేడ మీది ఒంటిగది బర్సాతీలో అద్దెకుండి సివిల్స్‌కి చదువుకుంటున్న భీమవరం కుర్రాడు. రెండో బండి నడిపేవాడు దశరథ్. ఈ శేషగిరి గారి ఒక్కగానొక్క కొడుకు.

పోయిన ఆదివారం నజఫ్‌గఢ్ రోడ్డు మీద పెద్దిరాజు బండి ఇంజన్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. వెనక చక్రం కట్టేసినట్టు నిలిచిపోయింది. మనిషి గాల్లోకి లేచాడు. తొడ ఎముక విరిగింది. సంఘం పెద్దలు ఆలోచించారా? లేదు. ఇంజన్ని ఇష్టం వచ్చినట్టు గీకింది ఆ పిల్లే కాబట్టి తప్పు ఆ పిల్లదే అన్నారు. రెండు బళ్ళనీ ముట్టుకోవద్దని ఆమెకి కబురు పంపారు. రెండో బండిని శేషగిరి గారి స్కూటర్ షెడ్డులోకి మార్చి తాళం వేశారు. ఆమెని సంఘం నుంచి తీసేయడానికి ఇవాళ మీటింగు పెట్టారు. పిలవని మీటింగుకి ఆమె వచ్చింది. కథ ఇక్కడుంది.

“ముందు చెప్పులిడువు బిడ్డా,” అన్నాడు హనుమయ్య. సంఘానికి అధ్యక్షుడు, కరీంనగర్ మనిషి, గొంతు పెద్దది, మనసు మెత్తన. “కాళ్ళు లోపల పెట్టినంక కొట్లాడు. మేం యాడికి పోతం?”

అరుంధతి చెప్పులు విప్పింది. లోపలికొచ్చింది. భుజం మీది గుడ్డ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, శేషగిరి గారికి సరిగ్గా ఎదురుగా ఉన్న పేము మోడా లాక్కుని కూర్చుంది. ఆ జనవరి పొద్దున కిటికీ అవతల మంచు ఇంకా విడలేదు. గది మధ్యలో టీపాయ్ మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద మూడు వస్తువులు. గీతలు పడిన పిస్టన్, స్పార్కు ప్లగ్గు, కార్బురేటర్. పోలీసు స్టేషన్లో దొంగ సొత్తు పెట్టినట్టు పెట్టారు.

“అరుంధతీ, ఎమోషనల్ కావద్దు,” అన్నారు శేషగిరి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, కళ్ళజోడు, మంత్రిత్వ శాఖలో ఇంజనీరు, సంఘానికి టెక్నికల్ ఇన్‌ఛార్జి. చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కథ ఇంత దూరం వచ్చేదే కాదు. “ఇది ఫ్యాక్ట్ ఫైండింగ్ మీటింగు. ఎవర్నీ నిందించడానికి కాదు.”

“అచ్ఛా? మరి నన్ను పిలవలేదేం? ఫ్యాక్టు నా దగ్గరే ఉంటే?”

“ఏమిటమ్మా నీ దగ్గరున్న ఫ్యాక్టు?”

“నిన్న హాస్పిటల్‌కి వెళ్ళాను. మీలో ఎవరైనా వెళ్ళారా?”

హనుమయ్య మీసం సవరించుకున్నాడు. మూలన కూర్చున్న ఇద్దరు సభ్యులు కిటికీలోంచి మంచుని చూశారు.

పెద్దిరాజు వార్డులో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాలికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీంచి దింపి, తాడుకి ఇటుకలు వేలాడదీశారు. అరుంధతిని చూడగానే నవ్వాడు. “అక్కా, జనం సర్కారు డీడీఏ ఫ్లాటు కోసం ఏళ్ళ తరబడి క్యూలో ఉన్నారు. నాకు చూడు, కాలికే ఇల్లు కట్టిస్తున్నారు” అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “స్పీడులో లేనక్కా. ఒట్టు. యాక్సిలరేటర్ సగమే తిప్పి పట్టుకున్నా. అంతకు ముందెప్పుడూ లేనంత కమ్మగా పాడింది బండి. భలే పోతోందిరా అనుకున్నా. అనుకున్నంతలో గొంతు నులిమినట్టు ఆగిపోయింది.”

ఆ మాటలు అరుంధతి గదిలో ఉన్నవాళ్ళకి పొల్లు పోకుండా చెప్పింది.

“సగానికే ఇంజన్ పట్టేస్తుందా?” శేషగిరి గారు తల అడ్డంగా ఊపారు. “పడిపోయిన ప్రతివాడూ నేను స్లోగానే వెళ్తున్నానంటాడు. సైలెన్సర్లు మార్చావు, సిలిండర్ కోశావు. ఇంజన్ తట్టుకోలేదు. అదీ జరిగింది.”

“ఆ ప్లగ్గు చూడండి అంకుల్.”

“చూశాం.”

“ఏ రంగులో ఉంది?”

 హనుమయ్యే ప్లగ్గు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. “తెల్లగున్నది. సున్నం బెట్టినట్టు.”

“నేను పంపిన బండి ప్లగ్గు కాఫీ పొడి రంగులో ఉంటుంది. పెట్రోలు సరిపోయిన ఇంజన్ రంగు అది. తెల్లబడిందంటే ఇంజన్‌కి పెట్రోలు చాలలేదు. టూ-స్ట్రోక్‌లో ఆయిలు కూడా పెట్రోలుతో కలిసే వెళ్తుంది. పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది, ఆయిలు తగ్గుతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టుకుంటుంది. మనిషి గాల్లోకి లేస్తాడు. ఇంతే. ఇంజన్ తట్టుకోలేక కాదు, నా చెయ్యి దాటాక మీరు దాన్ని పస్తు పెట్టారు. ఎక్కడ పస్తు పెట్టారో చూడనివ్వండి. చూసేదాకా షెడ్డులో ఉన్న రెండో బండి కదలకూడదు.”

“రెండో బండి సంగతి సంఘం చూసుకుంటుంది,” అన్నారు శేషగిరి గారు.

ఆ మాట అంటూ ఆయన గోడ గడియారం వంక ఒక్కసారి చూశారు. అరుంధతి అది చూడలేదు. అప్పటికే కార్బురేటర్ అందుకుంది.

ఎవరైనా వద్దనేలోపే మూత విప్పింది. లోపలి నుంచి సూది లాగింది. వేలి పొడవు ఇత్తడి సూది. పైన ఒకే లావు, మధ్య నుంచి సన్నబడుతూ కొనకి మొన. తల దగ్గర చిన్న చిన్న గాట్లు. దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. చూసి పేపరు మీద పెట్టేసింది.  

“ఇది నా సూది కాదు.”

శేషగిరి గారు చిన్నగా నవ్వారు. భూతద్దం తెప్పించారు. “నంబరు చదువు.”

చదివింది. “నంబరు అదే. సూది నాది కాదు.”

“గట్లెట్లయితది బిడ్డా?” అన్నాడు హనుమయ్య. “నంబరొక్కటే అయినంక సూదీ ఒక్కటే గద?”

“అంకుల్, మీకూ మీ తమ్ముడికీ ఇంటిపేరు ఒకటే. మీ కోటు ఆయనకి పడుతుందా?”

మూలనున్న ఇద్దరూ పకపకా నవ్వారు. హనుమయ్య తమ్ముణ్ణి గాలొస్తే పట్టుకోవాలి. హనుమయ్య కూడా పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వాడు. నవ్వనిది ఇద్దరే. అరుంధతి, శేషగిరి గారు.

“ఎవరు మార్చారు?” అంది అరుంధతి.

దొంగతనం చేసినవాడైతే తడబడతాడు. శేషగిరి గారు తడబడలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, వేడి నీళ్ళు పెట్టానని చెప్పినంత తేలిగ్గా చెప్పారు.

“నేనే మార్చాను.”

హనుమయ్య చేతిలోని ప్లగ్గుని పేపరు మీద పెట్టేశాడు.

“మార్చాను. అందులో దాచేదేముంది? పోయిన నెల ఇన్‌స్పెక్షన్‌లో విప్పి చూశాను. సూది మధ్యలో తళతళా మెరుస్తోంది. అరిగిపోయిన పార్టుతో ఒక మనిషిని పందేనికి పంపుతామా? సేఫ్టీ ముఖ్యం. బొంబాయిలో తెలిసినవాళ్ళ కాళ్ళూ గెడ్డాలూ పట్టుకుని కొత్తవి తెప్పించాను. అదే మేకు, అదే నంబరు. నువ్వు పెట్టిన గాట్లోనే క్లిప్పు పెట్టాను. పెద్దిరాజు పడిన ముందురోజే మైక్రోమీటరుతో కొలిచి మరీ వేశాను. ఒక్క వెంట్రుక తేడా లేదు.”

“ఎక్కడ కొలిచారు?”

“ఎక్కడంటే?”

“సూదికి పైన కొలిచారా, మధ్యలో కొలిచారా?”

“పైన. ఒకే లావున్న చోటే కదా మైక్రోమీటరు సరిగ్గా పట్టేది?”

అరుంధతి కళ్ళు మూసుకుని తెరిచింది. ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. ఆయన చొక్కా మీద వచ్చింది. ఆ మడత మీద వచ్చింది. ముద్ర కొట్టి ఉంటే చాలు నిజమేనని నమ్మే అలవాటు మీద వచ్చింది. ఈ ఊళ్ళో ఆఫీసులన్నీ ఆ అలవాటు మీదే నడుస్తున్నాయి. ముద్ర ఉంటే శవం కూడా బతికున్నట్టే, ముద్ర లేకపోతే ఎదురుగా నిలబడ్డవాడు కూడా లేనట్టే.

“హనుమయ్య అంకుల్, మీకు చెప్తాను, వినండి. కార్బురేటర్లో ఒక బెజ్జం ఉంటుంది. దాంట్లోంచి పెట్రోలు ఇంజన్‌కి వెళ్తుంది. ఆ బెజ్జంలో ఈ సూది నిలబడి ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ సూది పైకి లేస్తుంది. పైకి లేచినకొద్దీ బెజ్జంలోకి సన్నటి భాగం వస్తుంది. చుట్టూ సందు పెరుగుతుంది. పెట్రోలు పెరుగుతుంది. సూది లావైతే?”

“సందు తక్కువ. పెట్రోలు తక్కువ.”

“శెభాష్. నేను కోసిన ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. ఎక్కువ పెట్రోలు కావాలి. సూదిని ఎంత ఎత్తగలనో అంతా ఎత్తాను, చివరి గాటు దాకా. చాల్లేదు. ఇంకా సన్నటి సూది కావాలి. మన దేశంలో దొరకదు. ఇత్తడి ముక్క తెప్పించుకోవాలంటే లైసెన్సు కావాలి, కోటా కావాలి, సిఫార్సు కావాలి. అందుకని నేనే రుద్దాను. రెండు సూదులూ మా అమ్మ కుట్టు మిషన్ మీద బాబిన్ చుట్టే చోట బిగించి, అమ్మ చక్రం తిప్పుతుంటే, ఉప్పుకాగితంతో నేను రుద్దాను. పైన ముట్టుకోలేదు. మధ్యలోనే. ఆ మెరుపు అరుగుదల కాదు శేషగిరి అంకుల్. మా అమ్మ రెక్కల కష్టం.”

శేషగిరి గారి ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. కానీ ఇరవై ఏళ్ళ ఆఫీసు అంత తేలిగ్గా లొంగుతుందా?

“ఇది నీ మాట. ప్రూఫ్ ఏదీ?”

“పాత సూది ఉంటే చూపిస్తాను. పారేసుంటారు.”

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న కమలాకుమారి ఒక్కసారి నవ్వింది. శేషగిరి గారి భార్య. నవ్వుతో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఈయన పారేయడమా! పెళ్ళినాటి టూత్ బ్రష్షు కూడా ఉందమ్మా ఇంట్లో. పనికిరాదని కండెమ్ చేసిన సామాను బోర్డు కూర్చునేదాకా భద్రంగా ఉంచాలిట. మా ఇంట్లో ఆ బోర్డు ఇంతవరకూ కూర్చోలేదు.”

“కమలా,” అన్నారు శేషగిరి గారు. లేచి లోపలికి వెళ్ళారు. బీరువా తలుపు కిర్రుమంది.

“ఆంటీ, దశరథ్ కనపడడం లేదేం?” అంది అరుంధతి.

“పొద్దున్నే బయటికెళ్ళాడమ్మా. ఎవరో ఫ్రెండింటికన్నాడు, అంతకుమించి వాడు నాకెప్పుడు చెప్పాడు గనక? ఏం అడిగినా ‘ఠీక్ హై మమ్మీ’ అంటాడు. అది అవునో కాదో నాకు ఇంతవరకు తెలీదు.”

శేషగిరి గారు తిరిగొచ్చారు. చేతిలో ఖాళీ అమృతాంజనం సీసా. మూత తీసి, వంచి, ఒక సూదిని అరచేతిలోకి జార్చుకున్నారు. మూత మళ్ళీ బిగించి సీసాని పక్కన పెట్టారు. అలా మూత బిగించడం కూడా ఎంత ఒద్దికగా చేశారో చెప్పలేను.

“ఇదిగో. పెద్దిరాజు బండి పాత సూది. ఇప్పుడు నిరూపించు. నా మైక్రోమీటరు కావాలా?”

“వద్దు. నా దగ్గర ఒకటుంది.”

సంచీలోంచి అరుంధతి ఒక ఉక్కు పలక తీసింది. అరచేతి వెడల్పు, నల్లగా, అంచులు చేతి జిడ్డుకి నున్నబడి ఉంది. పలక నిండా బెజ్జాలు వరసలు తీరి ఉన్నాయి. పెద్ద బెజ్జంతో మొదలై, ఒక్కొక్కటే సన్నమవుతూ, చివరికి వెంట్రుక పట్టేంత చిన్నది దాకా.

“కమ్మచ్చు!” అన్నాడు హనుమయ్య. “అరే, మా ఊళ్ళె అవుసులాయన దగ్గర చూసిన దీన్ని. బంగారం తీగె గుంజేటిది గద?”

“మా తాతది. తెనాలిలో కంసాలి. మా నాన్న శ్రీరాములు సర్కారు కొలువుకి ఢిల్లీ వచ్చేటప్పుడు సుత్తీ, కుంపటీ అన్నీ పంచిపెట్టేసి ఇది ఒక్కటే ట్రంకు అడుగున పెట్టుకొచ్చాడు. ఎందుకని అడిగితే ‘పడుంటుందిలే’ అనేవాడు. పడుంది. నా దాకా పడుంది. ఈ బెజ్జాల్లోంచి మా తాత లాగిన తీగకి ఎక్కడ కొలిచినా ఒకటే సన్నం. సూది మధ్యలో ఎంతుందో చెప్పడానికి దీన్ని మించింది లేదు. చూడండి.”

పలకని టీపాయ్ అంచు మీద సగం బయటికి ఉండేలా పెట్టి, ఎడమచేత్తో అదిమి పట్టుకుంది. ఒక బెజ్జం ఎంచుకుంది. కొత్త సూదిని మొన కిందికి పెట్టి వదిలింది. సూది జారింది. నడుముకి రాకముందే టక్కున ఆగి నిలబడింది.

“ఇది మీది. దీని తల ఎక్కడుందో చూసుకోండి. హనుమయ్య అంకుల్, మీ అగ్గిపుల్ల ఒకటి ఇవ్వండి.”

హనుమయ్య అగ్గిపెట్టె తీశాడు. పుల్లని సూది పక్కన నిలబెట్టి, తల ఎంత ఎత్తున ఉందో అక్కడ గోటితో నొక్కింది. కొత్త సూది తీసేసింది. అదే బెజ్జం. పాత సూది, తన సూది వదిలింది.

అది ఆగలేదు. కొత్తది ఆగిన చోటు దాటి దిగింది. బియ్యపుగింజంత దిగి, అప్పుడు ఆగింది. పుల్ల పక్కన పెట్టింది. గోటి గాటు పైన ఉండిపోయింది, సూది తల కింద.

మూలనున్న ఇద్దరూ లేచి వచ్చారు. కమలాకుమారి గుమ్మం వదిలి వచ్చింది. హనుమయ్య ముందుకి వంగి చూసి, మళ్ళీ చూసి, పెద్దగా ఊపిరి వదిలాడు.

“ఇగ చూసుడేమున్నది. కండ్లకు కనవడుతున్నది.”

శేషగిరి గారు తనే చేశారు. తన చేత్తో. కొత్త సూది వేశారు, ఆగింది. పాత సూది వేశారు, దిగింది. మళ్ళీ కొత్తది. మళ్ళీ పాతది. బెజ్జం మార్చి చూశారు. ఇంజనీరు కదా, ఎదుటివాడి ప్రయోగాన్ని పడగొట్టే దారులన్నీ ఆయనకి తెలుసు. ఒక్కటీ పడలేదు. మైక్రోమీటరు తెచ్చి ఈసారి మధ్యలో కొలిచారు. అది కూడా కమ్మచ్చు చెప్పిందే చెప్పింది. ఆయన మైక్రోమీటరు మొదటినుంచీ నిజమే చెప్పేది. అడగాల్సిన చోట ఎవరూ అడగలేదు.

“పైగా ఇది జనవరి,” అంది అరుంధతి. “చలిగాలి చిక్కగా ఉంటుంది. ఇంజన్‌కి ఇంకా పెట్రోలు కావాలి. అలాంటప్పుడు మీరు పెట్రోలు కోసేశారు. వాడు బండి కమ్మగా పాడిందన్నాడే, పెట్రోలు తగ్గిన టూ-స్ట్రోక్ చచ్చేముందు అలాగే పాడుతుంది.”

శేషగిరి గారు సూదిని కింద పెట్టారు.  సూటిగా అడిగారు.

“రుద్దానని నాకు చెప్పావా అమ్మా? సంఘంలో ఎవరికైనా చెప్పావా? పాత నంబరు కొట్టేసి ఏదైనా గుర్తు పెట్టావా?”

పాఠకులారా, ఆ దెబ్బ తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది. తన కిటుకు నలుగురికీ తెలిస్తే పక్క సంఘాల వాళ్ళ చెవిన పడుతుందని ఆమె నోరు కట్టేసుకుంది.

“చెప్పలేదు,” అంది. “గుర్తూ పెట్టలేదు. అది నా తప్పు, నేను మోస్తాను. దానికి ఎంతసేపు తిడతారో తిట్టండి. కానీ మీరు విప్పినప్పుడు నన్నొక్క మాట అడగాల్సింది. మా ఇల్లు రెండు వీధుల అవతలే కదా? మా నాన్న చేతి కాఫీ మీరు తాగని ఆదివారం ఉందా? ‘అమ్మా, ఇది మెరుస్తోంది, ఎందుకు’ అని అడగడానికి ఏం అడ్డమొచ్చింది?”

 మనందరికీ తెలుసు ఏం అడ్డమొచ్చిందో. కింద చేసినవాడిని పైన తనిఖీ చేసేవాడు అడగడు. అడిగితే చిన్నతనం. తనిఖీ అంటే దిద్దడమే గానీ తెలుసుకోవడం కాదని ఎవడు నేర్పాడో గానీ, వాడు ఈ దేశానికి చేసిన ద్రోహం ఇంతా అంతా కాదు. పెద్దిరాజు కాలికి వేలాడే ఇటుకల్లో సగం ఆ పాఠం పెట్టినవే.

శేషగిరి గారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీశారు. “హనుమయ్య గారూ, తప్పు నాది. పెద్దిరాజు తండ్రికి నేనే చెప్తాను. అరుంధతిని తీసేసే ప్రశ్నే లేదు. టెక్నికల్ ఇన్‌ఛార్జిగా నేనే తప్పుకుంటాను.”

“కూసోండి సారూ, కూసోండి,” అన్నాడు హనుమయ్య.  “తప్పు ఒప్పుకున్నంక ఇగ లొల్లి దేనికి? కమలమ్మా, ఇంకో దఫ చాయ్ పెట్టు తల్లీ. బిడ్డ ఇప్పటిదాక గొంతు తడుపుకోలే.”

గదిలో బిగుసుకున్నదంతా సడలింది. ఎవరో మిక్స్చర్ ప్లేటు జరిపారు. ఇంకెవరో పెద్దిరాజు దగ్గరికి సాయంత్రం అందరం కలిసి వెళ్దామన్నారు. అరుంధతి గెలిచింది. గెలిచినట్టు లేదు. కమ్మచ్చులోంచి తన సూదిని మెల్లగా తీసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, అది వచ్చిన సీసాలోనే పెడదామని అమృతాంజనం సీసా అందుకుంది.

సీసా గలగలమంది.

అరుంధతి చెయ్యి ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మళ్ళీ గలగల. మూత తిప్పింది. అరచేతిలో వంచింది.

ఇంకో సూది.

మధ్యలో తళతళ. అమ్మ చక్రం తిప్పిన తళతళ.

“అంకుల్,” అంది.  “ఇదెవరిది?”

“రెండో బండిది,” అన్నారు శేషగిరి గారు. “ఇన్‌స్పెక్షన్ రెండిటికీ చేశాను కదా. యూనిఫార్మిటీ కోసం రెండిటికీ...”

ఆయన వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయకుండానే ఆయనకి అర్థమైంది. రంగు దిగిపోవడం అంటే ఏమిటో ఆ ముఖం మీద చూడాలి.

“అయితేంది, బండి కింద షెడ్డుల్నే ఉన్నది గద,” అన్నాడు హనుమయ్య. “తాళం సారు దగ్గర్నే ఉన్నది.”

శేషగిరి గారు గోడ వంక చూశారు. తలుపు పక్కన మేకుకి తాళంచెవి వేలాడాలి. మేకు మాత్రమే ఉంది.

“పొద్దున దశరథ్ అడిగాడు,” అన్నారు. “పందెం దగ్గరికొచ్చింది, ట్రాకు చూసొస్తానన్నాడు. ఘాజియాబాద్. తాళం... నేనే ఇచ్చాను.”

కమలాకుమారి చేతిలోని ట్రే వంగింది. కప్పులు ఒకదాని మీదొకటి జారాయి. ఒకటి నేల మీద పగిలింది. ఎవరూ దాని వంక చూడలేదు.

“భయం లేదు కమలా, భయం లేదు,” ఆయన గబగబా అంటున్నారు. భార్యకి చెప్తున్నారో, తనకి తను చెప్పుకుంటున్నారో. “పెద్దిరాజుకి అలా అయ్యాక నేను ఊరికే పంపుతానా? జాగ్రత్తలన్నీ చెప్పే పంపాను. ఫుల్ ఇవ్వద్దన్నాను. ఎంత ఖాళీ రోడ్డు కనపడినా సగానికి మించి తిప్పొద్దని నా మీద ఒట్టేయించుకున్నాను. వాడు నా మాట దాటడు. సగం పట్టుకునే పోతాడు.”

“సగమా?” అరుంధతి లేచి నిలబడింది. మోడా వెనక్కి పడిపోయింది. “సగమా అంకుల్! ఫుల్ ఇస్తే పెట్రోలు పోసే బెజ్జం వేరే ఉంది, అది నేను పెద్దదే పెట్టాను, ఇంజన్ బతుకుతుంది. సగం దగ్గరే సూది రాజ్యం. పెద్దిరాజు పట్టుకున్నది సగమే! మీరు వాడిని ఎక్కడ చావు ఉందో సరిగ్గా అక్కడ పట్టుకోమని ఒట్టేయించుకున్నారు!”

 కమలాకుమారి “అయ్యో నా తండ్రీ” అని గోడ పట్టుకుంది.

“ఆంటీ, ఏడవకండి, నా మొహం చూడండి. ఎప్పుడెళ్ళాడు? ఎటు వెళ్ళాడు? మధ్యలో ఎక్కడైనా ఆగుతానన్నాడా?”

“మీరంతా రావడానికి కాస్త ముందే... షాహ్‌దరాలో వాడి ఫ్రెండు ఇంట్లో ఆగుతాడు. వాళ్ళమ్మ ఆలూ పరాఠా చేస్తుందిట. తిని వెళ్తానన్నాడు.”

“ఫోనుందా వాళ్ళకి?”

“ఉందమ్మా. నంబరు ఫోను కింద రాసి పెట్టాడు.”

అరుంధతి తల చురుగ్గా పనిచేస్తోంది. యమునా వంతెన దాకా ట్రాఫిక్. గేర్లు మారుస్తూ, బ్రేకులు వేస్తూ పోవాలి. ఒకే పట్టు మీద సగం తిప్పి ఉంచడానికి చోటుండదు. ఇంజన్‌కి ఊపిరాడుతూనే ఉంటుంది. షాహ్‌దరా దాటితేనే ఖాళీ రోడ్డు. అక్కడ తండ్రి మాట నిలబెట్టుకునే మంచి కొడుకు సగం పట్టుకుని తీరుబడిగా పోతాడు. బండి కమ్మగా పాడుతుంది. వాడు మురిసిపోతాడు.

“ఫోను చెయ్యండి,” అంది.

శేషగిరి గారి వేలు డయల్ బెజ్జంలో పట్టడం లేదు. ఆమే రిసీవర్ లాక్కుంది. నంబరు తిప్పి, ఆయన చెవికి ఆనించి పట్టుకుంది. ఒకసారి ఎంగేజి. మళ్ళీ తిప్పింది. ఈసారి అవతల మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.

“ఇంట్లో ఎవ్వలు లేరేమో,” అన్నాడు హనుమయ్య గొణుగుతూ. “మనం అందరం కూసోని ఏంజేద్దామో ఒక్కసారి ఆలోచన...”

“కూర్చునేది లేదు!” అరుంధతి కమ్మచ్చుని సంచీలో పడేసింది. రుద్దిన సూదులు రెండూ గుప్పిట్లో ఉన్నాయి. “మీరు కూర్చున్నది చాలు. వారం నుంచీ కూర్చునే ఉన్నారు. హనుమయ్య అంకుల్, స్కూటర్ తియ్యండి, నేను వెనక ఎక్కుతాను, షాహ్‌దరా రోడ్డు పట్టండి. మీరిద్దరూ కింద టాక్సీ స్టాండుకి పరిగెత్తండి, ఎవరు దొరికితే వాళ్ళని ఘాజియాబాద్ రోడ్డు మీదికి తోలండి. ఆంటీ, పక్కింట్లో ఫోనుంటే అక్కణ్ణుంచి దశరథ్ స్నేహితులందరికీ చెయ్యండి. శేషగిరి అంకుల్, మీరు ఆ ఫోను పెట్టొద్దు. చెయ్యి పడిపోయినా పెట్టొద్దు. మోగనివ్వండి. ఎవరు ఎత్తినా ముందు చెప్పాల్సిన మాట ఒకటే. సారీలు వద్దు, కారణాలు వద్దు. ‘దశరథ్‌ని బండి ఎక్కనివ్వకండి.’ వాడే ఎత్తితే మీరు వేయించుకున్న ఒట్టు మీరే తీసెయ్యండి. నాన్న మాట తప్పు, ఆ బండి సగానికి తిప్పితే చస్తావు, నెట్టుకుంటూ ఇంటికి రా అని చెప్పండి. వినపడుతోందా? ఆ బండి ఆగాలి. ఇప్పుడే ఆగాలి!”